ముంగిస నమలని వేరు

పొద్దున గడ్డివాము దగ్గర ముంగిస కనబడగానే "తాతయ్యా, పాముందేమో!" అంటూ పరుగెత్తుకొచ్చారు కదర్రా. పామూ లేదు, ఏమీ లేదు. పేడకుప్ప గీరి పురుగులు ఏరుకుంటోందది. పురుగులు, ఎలుకలు, తొండలు, పిట్టల గుడ్లు, ఇవే దాని తిండి. పాముతో పోట్లాట ఎప్పుడో గానీ ఉండదు.

దాని రంగు బూడిద అంటాం గానీ, దగ్గరగా చూస్తే ఒక్కో వెంట్రుక మీదా లేతరంగు, ముదురురంగు పట్టీలు ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి. పాము ఎదురైతే ఆ జుట్టంతా నిక్కబొడుచుకుంటుంది. కాటు చాలాసార్లు ఆ జుట్టు మీదే పడి వృథా అవుతుంది.

మరి ఒంటికే తగిలితే? తుప్పల్లోకి పోయి ఏదో వేరు నమిలి వస్తుందని మా నాయనమ్మ చెప్పేది. ఆ వేరు కోసం నేను తుప్పలన్నీ వెతికాను. అసలు మందు దాని కండరాల్లోనే ఉంది!

నరం కబురు పంపితేనే కండరం కదులుతుంది. ఆ కబురు మోసుకొచ్చే రసాయనం పేరు అసిటైల్‌కొలిన్. అది కూర్చోవడానికి కండరం మీద చిన్న పీట ఉంటుంది. నాగుపాము విషం వచ్చి ఆ పీటను ఆక్రమిస్తుంది. కబురు అందక కండరాలు చచ్చుబడి, ఊపిరి ఆగిపోతుంది. ముంగిస పీట దగ్గర మాత్రం ఒక చక్కెర గొలుసు అడ్డంగా వేలాడుతుంటుంది. చిన్నదైన అసిటైల్‌కొలిన్ సందు చేసుకుని వెళ్తుంది, విషానికి చోటు దొరకదు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ శాస్త్రవేత్తలు 1992లో ఈ సంగతి బయటపెట్టారు. ఇలాంటి గొలుసే ఈజిప్టు నాగుపాము ఒంట్లోనూ ఉంది, తన విషం తనకెక్కకుండా! ఎంత ముచ్చటైన ఏర్పాటో చూడండి.

అలాగని ముంగిసకు చావు లేదనుకోకండి. విషం మోతాదు మించితే అదీ పోతుంది. రక్తపింజరి విషం దెబ్బతీసేది ముఖ్యంగా రక్తాన్ని, అక్కడ ఈ గొలుసు పనిచేయదు.

దానికి అసలు గండం మనతోనే. బొమ్మలేసే కుంచెల కోసం దాన్ని చంపుతున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణగా ఉన్నా, దొంగచాటు వ్యాపారం ఆగలేదు. ఏదీ, మీ రంగుల పెట్టె ఇలా పట్రండి. కుంచె జుట్టు మీద ఆ పట్టీలున్నాయేమో వెలుతుర్లో చూద్దాం.