సరుకు పోయె... సొమ్ము రాదాయె!

బకాయిలతో కుంగుతున్న పల్లె పరిశ్రమలు
చట్టం ఉన్నా అడిగేవారు కరవు

చదువుకున్న యువకులు, మహిళా సంఘాల సభ్యులు సొంత కాళ్లపై నిలబడాలని పల్లెల్లో చిన్న చిన్న పరిశ్రమలు పెట్టుకుంటున్నారు. కారం, పసుపు పట్టే గిర్నీలు, విస్తళ్ల యంత్రాలు, సిమెంటు ఇటుకల తయారీ, కుట్టు కేంద్రాలు, పచ్చళ్ల తయారీ వంటివి ఇందులో ఉన్నాయి. యంత్రం కొనడానికి తంటాలు పడితే బ్యాంకు అప్పు దొరుకుతోంది. సరుకు తయారవుతోంది. కొనేవారూ ఉన్నారు. అయినా ఏడాది, రెండేళ్లు తిరక్కుండానే కొన్ని షెడ్లకు తాళాలు పడుతున్నాయి. పని రాకనో, గిరాకీ లేకనో మూతపడ్డాయని ఊళ్లో అనుకుంటారు. దగ్గరకు వెళ్లి ఖాతా పుస్తకం తిరగేస్తే చాలాచోట్ల అసలు జబ్బు వేరే కనిపిస్తుంది. పోయిన సరుకుకు సొమ్ము తిరిగి రాకపోవడమే ఆ జబ్బు.

ప్రోత్సాహమంతా ప్రారంభానికే

కొత్త వ్యాపారాలకు ప్రభుత్వాలు ప్రకటించిన పథకాలకు కొదవ లేదు. ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం 2008లో వచ్చింది. ముద్రా రుణాలు 2015 ఏప్రిల్ 8న మొదలయ్యాయి. తొలుత 10 లక్షల రూపాయల వరకు ఉన్న ముద్రా పరిమితిని, పాత అప్పు సక్రమంగా తీర్చినవారికి 2024లో 20 లక్షలకు పెంచారు. హైదరాబాద్‌లో కొత్త కంపెనీలకు నీడనిచ్చే టీ-హబ్‌ను 2015లో నెలకొల్పారు. 2016 జనవరి 16న కేంద్రం స్టార్టప్ ఇండియా కార్యక్రమాన్ని ప్రారంభించింది.

ఇవన్నీ మంచివే. అయితే వీటిలో ఎక్కువ భాగం వ్యాపారం మొదలు పెట్టించడానికే పనికొస్తాయి. అప్పు, సబ్సిడీ, శిక్షణ అందాక రిబ్బను కత్తిరించి ఫొటో దిగడంతో ఆ అంకం ముగుస్తుంది. ఆ తర్వాత పంపిన సరుకుకు డబ్బు ఎప్పుడు వస్తుందన్నది పెట్టినవాడి తలరాతగా మిగిలిపోతోంది.

లెక్క వేసి చూస్తే...

కారం, పసుపు పట్టి హోటళ్లకు, హాస్టళ్లకు వేసే చిన్న గిర్నీని ఉదాహరణగా తీసుకుందాం. నెలకు 60 వేల రూపాయల సరుకు పోతుందనుకుంటే, అందులో మిర్చి, పసుపు కొమ్ముల కొనుగోలు, కూలీలు, కరెంటు, రవాణా కలిపి 48 వేలు ఖర్చవుతాయి. మిగిలేది 12 వేలు. బ్యాంకు వాయిదా 6,500 కడితే ఇంటి ఖర్చుకు 5,500 దక్కుతాయి. కాగితం మీద చూస్తే ఇది నడిచే వ్యాపారమే.

కొన్నవారు మూడు నెలలు సొమ్ము ఇవ్వలేదనుకుందాం. చేతి నుంచి పెట్టిన లక్షా 44 వేల రూపాయలు బయట చిక్కుకుపోతాయి. గిర్నీ ఆగకూడదంటే అంత సొమ్మూ అప్పు తేవాలి. నూటికి రెండు రూపాయల వడ్డీ అయితే నెలకు 2,880 రూపాయలు వడ్డీకే పోతాయి. ఇంటికి మిగలాల్సిన 5,500లో సగానికి పైగా అక్కడే కరిగిపోతుంది. ఇంకో రెండు నెలలు ఇలాగే గడిస్తే మిర్చి కొనడానికి డబ్బుండదు. యంత్రం ఆగిపోతుంది. అతనికి రావాల్సిన సొమ్ము మాత్రం ఇతరుల దగ్గర భద్రంగా ఉంటుంది.

బ్యాంకు గడువు ఆగదు

బయటి నుంచి డబ్బు రాలేదని చెప్పినా బ్యాంకు వాయిదా ఆగదు. కట్టాల్సిన వాయిదా 90 రోజులు దాటితే ఆ ఖాతాను బ్యాంకులు మొండి బాకీగా లెక్కిస్తాయి. ఆ మచ్చ పడితే మళ్లీ అప్పు పుట్టడం కష్టం. ట్రాక్టరు కొందామన్నా, ఇల్లు కట్టుకుందామన్నా పాత మచ్చ అడ్డు తగులుతుంది. హామీ ఉన్న బంధువు ఇబ్బంది పడతాడు. సొమ్ము ఎగ్గొట్టింది ఒకరైతే ఎగవేతదారు పేరు మరొకరికి వస్తోంది.

బాకీదారులు పెద్దవారే

బాకీ పడినవారంతా లేనివారు అనుకుంటే పొరపాటు. పట్టణంలోని పెద్ద దుకాణదారు, కంపెనీ, కాంట్రాక్టరు, కొన్నిసార్లు ప్రభుత్వ కార్యాలయం కూడా ఆ జాబితాలో ఉంటాయి. బడుల్లో మధ్యాహ్న భోజనం వండే మహిళలు ఈ బాధను ఎరుగుదురు. బిల్లులు ఆలస్యమైనప్పుడు కూరగాయలు, పప్పు, గుడ్లు దుకాణాల్లో ఉద్దెర తెచ్చి పిల్లలకు పెట్టిన సందర్భాలు ఎన్నో. వారికి బిల్లు రానంత కాలం దుకాణదారుకూ సొమ్ము రాదు. అతనికి సరుకు వేసిన టోకు వ్యాపారికీ రాదు. పైన ఒక ఫైలు కదలకపోతే కింద పది ఇళ్లలో పొయ్యి మీద దాని ప్రభావం పడుతుంది.

2024లో తెలంగాణలో బడి పిల్లల యూనిఫారాలు కుట్టే పనిని మహిళా సంఘాలకు అప్పగించారు. ఇలాంటి నిర్ణయాలు పల్లెకు పని తెస్తాయి. పనితోపాటు కూలి కూడా వేళకు అందినప్పుడే అవి పథకాలుగా నిలుస్తాయి.

చట్టం ఏమంటోంది?

చిన్న పరిశ్రమలకు బాకీ చెల్లింపుపై చట్టం లేకపోలేదు. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం 2006 అక్టోబరు 2 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమ నుంచి సరుకుగానీ సేవగానీ తీసుకున్నవారు ఒప్పందంలో రాసుకున్న గడువులో సొమ్ము చెల్లించాలి. ఆ గడువు ఏ పరిస్థితిలోనూ 45 రోజులకు మించరాదు. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోనే ఇవ్వాలి. కొన్నది ప్రైవేటు కంపెనీ అయినా, ప్రభుత్వ శాఖ అయినా ఇదే నియమం.

గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ చెల్లించాలి. అంటే బ్యాంకు రేటు ఆరు శాతం ఉంటే వడ్డీ పద్దెనిమిది శాతం. అది కూడా నెల నెలా అసలులో కలిసే చక్రవడ్డీ. సొమ్ము ఇవ్వనివారిపై రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. కౌన్సిల్ మొదట రాజీకి ప్రయత్నిస్తుంది. కుదరకపోతే మధ్యవర్తిత్వ విచారణ జరుగుతుంది. వ్యవహారం 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది. తీర్పును సవాలు చేయాలనుకునే కొనుగోలుదారు ముందుగా అందులోని సొమ్ములో 75 శాతం జమ చేయాలి. ఇలాంటి ఫిర్యాదుల కోసం 2017 అక్టోబరులో కేంద్రం సమాధాన్ పేరుతో ఆన్‌లైన్ ఏర్పాటును కూడా తెచ్చింది.

2023లో ఆదాయపు పన్ను నియమాలకూ సవరణ జరిగింది. 2024-25 మదింపు సంవత్సరం నుంచి, సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు గడువులో సొమ్ము చెల్లించని కొనుగోలుదారు ఆ మొత్తాన్ని చెల్లించేదాకా తన ఖర్చు కింద చూపుకోలేడు. దానిపై ఆ ఏడాది పన్ను కట్టుకోవాల్సి వస్తుంది.

కాగితం ఉంటేనే బలం

ఇంత చట్టం ఉన్నా పల్లె నుంచి ఫిర్యాదు చేసేందుకు ముందుకు వచ్చేవారు అరుదు. గట్టిగా అడిగితే వచ్చే నెల ఆర్డరు పోతుందన్న భయం ఒకటి. చేతిలో కాగితం లేకపోవడం మరొకటి. ఫోనులో ఆర్డరు తీసుకోవడం, ఆటోలో సరుకు వేసి పంపడం, చిట్టీ మీద లెక్క రాసుకోవడం అలవాటైపోయింది. కొన్నవాడు సరుకు అందలేదన్నా, నాణ్యత బాగా లేదన్నా నిరూపించుకునే దారి ఉండదు.

అందుకే వ్యాపారం పెట్టిన తొలిరోజే ఉద్యమ్ నమోదు చేసుకోవడం అవసరం. 2020 జులై 1 నుంచి ఈ పద్ధతి వచ్చింది. ఆధార్ ఆధారంగా ఆన్‌లైన్‌లో జరిగే ఈ నమోదుకు ప్రభుత్వం రుసుము తీసుకోదు. వేల రూపాయలు అడిగే దళారులను నమ్మనక్కర లేదు. బాకీ పడ్డాక నమోదు చేసుకుంటే పాత బాకీకి చట్టరక్షణ విషయంలో చిక్కులు వస్తాయి. ఆర్డరును కాగితం మీద తీసుకోవాలి. బిల్లుపై ఉద్యమ్ నంబరు వేయాలి. సరుకు దింపిన రోజే తేదీతో సంతకం పెట్టించుకోవాలి. సరుకు అందిన 15 రోజుల్లోగా కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే దాన్ని అంగీకరించినట్లే చట్టం భావిస్తుంది. ఈ ఒక్క సంగతి తెలిసినా తర్వాత వచ్చే సాకులు సగం తగ్గుతాయి.

చట్టానికి అందని ఉద్దెర

ఊరి కిరాణా దుకాణానికి మాత్రం ఈ రక్షణ లేదు. కొని అమ్మే వ్యాపారులకు 2021లో ఉద్యమ్ నమోదు అవకాశం కల్పించినా, అది బ్యాంకుల ప్రాధాన్య రుణాలకే పరిమితం. బాకీల గడువు నియమం వారికి వర్తించదు. అందుకే దుకాణాల్లో 'అరువు రేపు' బోర్డులు వేలాడుతుంటాయి. ఆ బోర్డు కిందే ఉద్దెర ఖాతా పుస్తకం కూడా ఉంటుంది. తెలిసినవాడిని కాదనలేక రాసుకున్న పద్దులు పంట వచ్చేదాకా, కొన్నిసార్లు పంట వచ్చాక కూడా అలాగే ఉండిపోతాయి.

చేతిలో డబ్బు లేక ఉద్దెర తెచ్చుకోవడం పల్లెలో తప్పు కాదు. పంట డబ్బు చేతికొచ్చాక ఊరి దుకాణం మొహం చూడకుండా పట్టణానికి వెళ్లి రొక్కం పెట్టి కొనడమే ఏరు దాటాక తెప్ప తగలేసినట్లవుతుంది. పంచాయతీ విషయమూ ఇంతే. ఇంటి పన్ను, నల్లా పన్ను కట్టకుండా వీధి దీపం వెలగలేదని నిలదీసేవారు, ఆ దీపం బిగించిన ఊరి కుర్రవాడికి కూలి ఎక్కడి నుంచి ఇవ్వాలో కూడా ఆలోచించాలి. సబ్సిడీ కోసమే అప్పు తీసుకుని యంత్రం అమ్ముకున్నవారి వల్ల తర్వాత వచ్చే నిజమైన యువకుడికి బ్యాంకు తలుపు మూసుకుంటుంది. పౌర బాధ్యత ఓటు వేసిన రోజుతో తీరిపోయేది కాదు.

ముల్కనూరు పాఠం

వేళకు ఇవ్వడం, వేళకు తీర్చడం అన్న రెండు అలవాట్లతో ఏం సాధించవచ్చో చూడాలంటే దూరం వెళ్లక్కర లేదు. ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలో ఉండి, ఇప్పుడు హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలో ఉన్న ముల్కనూరులో 1956లో సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సంఘం ఏర్పడింది. అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి దానికి మూలపురుషుడు. అప్పు ఇవ్వడం, ఎరువులు, విత్తనాలు అందించడం, పండిన పంట కొనడం ఒకే గొడుగు కింద సాగడంతో రైతుకు సొమ్ము, సంఘానికి బాకీ రెండూ చేతికి అందాయి. అదే ఊళ్లో తర్వాత మహిళలు స్వకృషి పేరుతో పాల డెయిరీని నిలబెట్టారు. పాలు పోసిన ఇల్లాలికి సొమ్ము వస్తుందన్న నమ్మకం లేకపోతే మర్నాడు కేంద్రానికి క్యాను రాదు. ఆ నమ్మకమే అక్కడ పెట్టుబడిగా నిలిచింది.

ఇకనైనా...

జిల్లా పరిశ్రమల కేంద్రం అధికారులు అప్పుల మేళాలతోపాటు బకాయిల ఫిర్యాదులకూ మండలాల్లో శిబిరాలు పెడితే ఎందరికో మేలు జరుగుతుంది. ప్రతి ప్రభుత్వ కార్యాలయం తాను చెల్లించాల్సిన చిన్న బిల్లుల జాబితాను, అవి ఏ తేదీ నుంచి ఆగాయో నోటీసు బోర్డు మీద పెట్టాలి. 45 రోజుల నియమం మొదట ప్రభుత్వ గుమ్మంలోనే అమలు జరగాలి. ఊరివారు కూడా తమ ఊరి యువకుడు పెట్టిన గిర్నీ నుంచి తెచ్చుకున్న కారానికి సొమ్ము ఆ వారంలోనే ఇచ్చేస్తే, అది ఏ పథకానికీ తీసిపోని ప్రోత్సాహం అవుతుంది. కొత్త అప్పులు పంచేముందు పాత సొమ్ము చేతికి వచ్చేలా చూడాలని పల్లె పరిశ్రమలవారు కోరుతున్నారు.