పెట్టెల్లో వచ్చే విమానం

అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో, అరోరా అనే ఊళ్లో వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే కంపెనీ ఉంది. అక్కణ్ణించి లారీలెక్కే చెక్కపెట్టెల్లో అల్యూమినియం రేకులు, వంచిన రిబ్బులు, సంచుల కొద్దీ రివెట్లు, లావుపాటి మాన్యువల్ ఉంటాయి. ఇంజను, ప్రొపెల్లరు, మీటర్లు, రంగు వేరే సమకూర్చుకోవాలి. కొన్నవాళ్లు ఆ పెట్టెలను ఇంటి కారు షెడ్డులో విప్పుకుంటారు. ఉద్యోగం నుంచి వచ్చాక, సెలవు రోజుల్లోనూ పనిచేసి ముందు తోక, తర్వాత రెక్కలు, ఆపైన మధ్య భాగం బిగిస్తారు. ఎన్నేళ్లు పట్టినా పూర్తిచేసి, అందులో తామే కూర్చుని ఎగురుతారు. ఈ కంపెనీ ఆర్‌వి శ్రేణి విమానాలు ఇలా 11,000కు పైగా ఆకాశానికెక్కాయి. వాటిలో రెండు సీట్ల ఆర్‌వి-7 ఖాళీ బరువు దాదాపు 500 కిలోలు. గంటకు 300 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతుంది.

ఇంట్లో కట్టిన యంత్రానికి ప్రాణాలు అప్పగించేంత నమ్మకం మనిషికి ఎలా కుదిరింది? ఏ పని కట్టేవాడి చేతికి వదలొచ్చు, ఏ పని వదలకూడదు అన్నది తేల్చుకోవడానికి విమానలోకానికి దాదాపు ఒక శతాబ్దం పట్టింది. ఇలా పెట్టెల్లో వచ్చే కిట్ విమానం జీవితకథంతా అదే.

కథ పారిస్‌లో మొదలైంది. అక్కడ స్థిరపడ్డ బ్రెజిల్ దేశస్థుడు ఆల్బర్టో శాంటోస్-డుమాంట్ 1907లో వెదురుబొంగులు, పట్టుగుడ్డతో డెమాయిజెల్ అనే బుల్లి విమానం చేశాడు. 1909 నాటికి దాన్ని బాగా మెరుగుపరిచి, పేటెంటు తీసుకోకుండా డ్రాయింగులు అందరికీ ఇచ్చేశాడు. 1910లో అమెరికా పత్రిక పాపులర్ మెకానిక్స్ వాటిని అచ్చువేసింది. విమానాన్ని ఎవరైనా సొంతంగా చేసుకోవచ్చన్న ఆలోచన అలా జనంలోకి వెళ్లింది.

1933లో ఫ్రాన్స్‌లో ఆన్రీ మిన్యే అనే ఔత్సాహికుడు ఇంకో అడుగు వేశాడు. ఆయన చేసిన విమానం ఇంగ్లిష్ ప్రపంచంలో ఫ్లయింగ్ ఫ్లీగా పేరుపడింది. ముందొక రెక్క, వెనకొక రెక్క. ముందు రెక్కనే పైకీ కిందికీ వాల్చి నడపాలి. మరుసటి ఏడాది నిర్మాణ వివరాలతో ఆయన పుస్తకం రాగానే ఫ్రాన్స్‌లో, బ్రిటన్‌లో ఎంతోమంది రంపం, సుత్తి పట్టుకుని పనిలోకి దిగారు. ఆ వెంటనే ప్రాణాలు పోవడం కూడా మొదలైంది. విమానాన్ని గాలిసొరంగంలో పెట్టి పరీక్షిస్తే కారణం బయటపడింది. ముక్కు ఒక హద్దు దాటి కిందికి వాలాక, పైలట్ కర్ర ఎంత వెనక్కి లాగినా విమానం పైకి తిరగదు. రెండు రెక్కల మధ్య సందులోంచి దూసుకెళ్లే గాలి వెనక రెక్కను ఇంకా పైకి లేపి, ముక్కును మరింత కిందికి తోస్తుంది. 1936లో బ్రిటన్ ఈ విమానాలకు అనుమతులు నిలిపేసింది. ఎంత నేర్పుగా కట్టినా డిజైన్‌లోని లోపాన్ని కట్టేవాడు సరిదిద్దలేడు. డిజైన్‌ను ముందే ఎవరో ఒకరు నిగ్గుతేల్చి ఉండాలి. కిట్ విమానం నేర్చుకున్న తొలి పాఠం ఇది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ అభిరుచికి అమెరికాలో కొత్త ఊపిరి వచ్చింది. 1953లో పాల్ పోబెరెజ్నీ విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ స్థాపించాడు. 1970 నుంచి వాళ్ల వార్షిక సమావేశం ఆష్‌కాష్ పట్టణంలో జరుగుతోంది. అమెరికా చట్టం కూడా కలిసొచ్చింది. విమానం పనిలో సగానికి పైగా ఔత్సాహికులే చేసినట్టు చూపిస్తే, ఎక్స్‌పెరిమెంటల్ తరగతి కింద ఎగరడానికి అనుమతిస్తారు. దీన్నే 51 శాతం నిబంధన అంటారు.

రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ అనే ఇంజనీరు తన ఒంటి సీటు ఆర్‌వి-3ని 1971లో ఎగరేసి, 1973లో వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ పెట్టాడు. తొలినాళ్ల కిట్లలో రేకుల మీద రంధ్రాలుండేవి కావు. కట్టేవాడే స్కేలుతో గీతలు గీసి, బరువైన చట్రం తయారుచేసుకుని, రెక్క మెలి తిరగకుండా అందులో నిలబెట్టి డ్రిల్లు వేసేవాడు. చట్రం కాస్త వంగితే రెక్కా వంగేది. కంప్యూటర్‌తో నడిచే పంచింగ్ యంత్రాలు వచ్చాక ఆ భారం ఫ్యాక్టరీకి మారింది. 2001లో వచ్చిన ఆర్‌వి-7 నాటికి రేకులోనూ, దాని కింది రిబ్బులోనూ రంధ్రాలు ముందే పడి ఉండేవి. భాగాలు సరైన ఆకారంలో ఉంటే రంధ్రాలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. లేకపోతే కూర్చోవు. పెద్ద చట్రంతో పని దాదాపు లేకుండా పోయింది.

అయితే మిగిలిన పని తక్కువేమీ కాదు. ఒక్క రివెట్టును దగ్గరగా చూద్దాం. రెక్క రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. రెండు రేకులను కలిపి, చిన్న స్ప్రింగు క్లిప్పులతో తాత్కాలికంగా బిగించి, రంధ్రాన్ని సరైన కొలతకు తొలుస్తారు. ఆ క్లిప్పులను క్లెకోలంటారు. తర్వాత రేకులు విడదీసి రంధ్రం అంచున మిగిలిన గరుకు లోహాన్ని, అంటే బర్రును, తీసేస్తారు. రివెట్టు తల రేకులో మునిగేలా రంధ్రం చుట్టూ చిన్న గుంట నొక్కుతారు. పైకి పొడుచుకొచ్చిన తల గాలికి అడ్డం కదా! మళ్లీ కలిపి రివెట్టు దూర్చాక, బయటినుంచి ఒకరు గాలితో నడిచే గన్ను పట్టుకుంటారు, లోపల మరొకరు ఉక్కుదిమ్మె అదిమి పడతారు. దెబ్బలకు రివెట్టు కాడ చితికి లోపల రెండో తల ఏర్పడుతుంది. దాని వెడల్పు కాడ మందానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం ఉండాలి. అలా లేకపోతే తలను డ్రిల్లుతో తీసేసి కొత్తది వేయాలి. ఒక్కో విమానంలో ఇలాంటి రివెట్లు పది వేలకు పైనే ఉంటాయి.

బర్రు మీద ఇంత పట్టుదల ఎందుకంటే, లోహంలో పగులు చాలాసార్లు రంధ్రం అంచునే పుడుతుంది. కంటికి కనపడని గీత ఉన్నచోట ఒత్తిడి పోగవుతుంది. ప్రతి కుదుపుకూ అది కాస్త కాస్తగా సాగుతుంది. కొన్నేళ్ల కిందట గిరాకీ పెరిగి, వాన్స్ కొన్ని భాగాల రంధ్రాలను పంచింగ్‌కు బదులు లేజర్‌తో కోయించింది. వాటిలో కొన్నింటికి గుంట నొక్కగానే అంచున పగుళ్లు వచ్చాయి. కంపెనీ పాత పద్ధతికే తిరిగివెళ్లి, భాగాలు మార్చి ఇవ్వాల్సి వచ్చింది. ఇతర నష్టాలూ తోడై 2023 డిసెంబరులో దివాలా రక్షణ కోరింది. 2024లో కోలుకుని బయటపడింది. ఒక రంధ్రం అంచు ఎంత నునుపుగా ఉందన్నది ఒక కంపెనీ భవితవ్యాన్నే ఊపేసింది.

ఇక రంగు. రంగంటే అందం కోసం అనుకుంటాం గాని, విమానానికి అది నిర్మాణంలో భాగం. ముందు రేకును గరుకు ప్యాడ్‌తో రుద్ది, జిడ్డు పోయేలా కడుగుతారు. శుభ్రమైందో లేదో చెప్పడానికి నీళ్లు చాలు. పోసిన నీరు ఎక్కడా విడిపోకుండా పలుచని పొరలా పరుచుకుంటే శుభ్రమైనట్టు, చుక్కలుగా విడిపోతే అక్కడ జిడ్డు మిగిలినట్టు. తర్వాత తుప్పు పట్టకుండా రసాయన పూత, దానిపైన ఎపాక్సీ ప్రైమరు, చివర పాలీయురెథేన్ రంగు. ఈ రంగు గట్టిపడేందుకు కలిపే ఐసోసైనేట్లు ఊపిరితిత్తులకు ప్రమాదకరం, ఉబ్బసం తెప్పిస్తాయి. ముక్కుకు కట్టుకునే మామూలు మాస్కు చాలదు. బయటి మంచిగాలిని గొట్టంతో అందించే ముసుగు కావాలి. అందుకే చాలామంది ఈ ఒక్క పనీ పెయింటింగ్ షాపుకి అప్పగిస్తారు.

రెండు సీట్ల విమానం మీద రంగు బరువే పది కిలోలు అటూ ఇటూ ఉంటుంది. తోక మీద పడే ప్రతి పొరా గరిమనాభిని వెనక్కి జరుపుతుంది, కాబట్టి రంగు వేశాక విమానాన్ని మళ్లీ తూచాలి. అంతకన్నా ముఖ్యం రడ్డరు, ఎలివేటర్లలాంటి కదిలే భాగాలు. కీలు వెనకవైపు బరువు ఎక్కువైతే, వేగం పెరిగినప్పుడు అవి గాలిలో అదుపు లేకుండా కొట్టుకోవచ్చు. దీన్ని ఫ్లటర్ అంటారు. క్షణాల్లో తోకను ఊడబెరికే శక్తి దానికుంది. అందుకే ఎలివేటర్ కొసల్లో కీలుకు ముందువైపు సీసపు దిమ్మలు పెడతారు. రంగు ఎండాక సమతూకం మరోసారి సరిచూస్తారు.

రంగు ఏది వేయాలన్నదీ కొన్ని విమానాల్లో ఇంజనీరింగ్ విషయమే. బర్ట్ రూటన్ 1975లో ఎగరేసిన వేరీఈజీ విమానానికి లోహపు రేకులు లేవు. నురుగుదిమ్మల మీద ఫైబర్ గ్లాసు గుడ్డ పరిచి ఎపాక్సీతో తడిపి చేసిన శరీరం దానిది. ముదురు రంగులు ఎండలో బాగా వేడెక్కుతాయి, వేడికి ఎపాక్సీ మెత్తబడి బలం కోల్పోతుంది. ఈ తరహా విమానాలు దాదాపు అన్నీ తెల్లగా ఉండటానికి కారణం ఇదే. ఈ కుటుంబానికి మన దేశంతోనూ చుట్టరికం ఉంది. రూటన్ లాంగ్-ఈజీ డిజైన్ ఆధారంగా బెంగళూరులోని వైమానిక పరిశోధనశాల ఎన్‌ఏఎల్ నిర్మించిన పరిశోధన విమానం ఎల్‌సీఆర్‌ఏ 1987లో ఎగిరింది. అదే సంస్థ తర్వాత ఫైబర్ గ్లాసుతో హంస శిక్షణ విమానాన్ని రూపొందించింది.

రంగు ఆరి, తనిఖీ పూర్తయినా అనుమతి ఒక్కసారిగా రాదు. అమెరికాలో సాధారణంగా మొదటి 25 లేదా 40 గంటలు నిర్ణీత ప్రాంతం దాటకుండా పరీక్షగా ఎగరాలి. తనిఖీ అధికారి మూసేసిన రెక్క లోపలి ప్రతి రివెట్టునూ చూడలేడు. చూసింది కట్టినవాడొక్కడే. రంధ్రం ఎక్కడ పడాలో ఫ్యాక్టరీ చెప్పగలదు. బర్రు తీశానా లేదా అన్న ప్రశ్నకు జవాబుదారీ మాత్రం అతనిదే.

51 శాతం నిబంధన ఉద్దేశాన్ని ఆ చట్టం స్పష్టంగానే చెబుతుంది: విద్య కోసం లేదా వినోదం కోసం కట్టుకోవాలని. నాకు అందులో విద్యే ప్రధానంగా కనిపిస్తుంది. అమెరికాలో హైస్కూలు పిల్లలు పెద్దల పర్యవేక్షణలో ఆర్‌వి-12 విమానాలు కట్టి ఎగరేయించారు. మన ఐటీఐలు, పాలిటెక్నిక్‌లలో షీట్‌మెటల్, ఫిట్టింగ్ నేర్చుకునే పిల్లలకు ఈ పనిలో చేతకానిదేదీ లేదు. విమానమంతా కట్టనక్కర్లేదు, ఒక రడ్డరు చాలు. రంధ్రం, గుంట, రివెట్టు, ప్రైమరు, రంగు, చివరి సమతూకం అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని తూచి, సరిపోయిందని రాసి, కింద తన పేరు పెట్టగలిగిన విద్యార్థికి ఇంజనీరింగ్ అంటే ఏమిటో ఏ పాఠ్యపుస్తకమూ మళ్లీ చెప్పనక్కర్లేదు.