పరిశోధన కూడా ఒక అమానతే

డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్న మా పూర్వ విద్యార్థి ఒకడు మొన్న వచ్చి అడిగాడు: “ఉస్తాద్, పదిహేను వందలు కడితే మూడు రోజుల్లో నా పరిశోధనా వ్యాసం అచ్చువేస్తారట. కట్టమంటారా?” వద్దన్నాను.

రుసుము తీసుకునే ప్రతి పత్రికా మోసకారి కాదు. కాని పరీక్షించకుండా ప్రచురించేది విద్వత్ పత్రిక కాజాలదు. దుర్మార్గుడు వార్త తెస్తే విచారించుకోమని దివ్య ఖుర్ఆన్ (49:6) ఆదేశం. ఇమామ్ బుఖారీ (మరణం హిజ్రీ 256) ఉల్లేఖకుల సత్యసంధతను, జ్ఞాపకశక్తిని పరిశీలించిన తరువాతే హదీసులను తన సహీహ్‌లో చేర్చారు. నేడు వ్యాసాన్ని ఆ రంగపు నిపుణులు పరిశీలించడం కూడా అటువంటి జాగ్రత్తే. దానికి నెలలు పట్టవచ్చు.

మన పిల్లలు కొన్ని నియమాలు పాటించాలి. మార్గదర్శక అధ్యాపకునికి చూపించిన తరువాతే వ్యాసం పంపాలి. ఒకే వ్యాసాన్ని ఏకకాలంలో రెండు పత్రికలకు పంపరాదు. శ్రమించినవారి పేరు విడువరాదు, శ్రమించనివారి పేరు చేర్చరాదు. ఇతరుల మాట వాడుకుంటే మూలాన్ని పేర్కొనాలి.

వ్యాసం తిరిగివస్తే అది అవమానం కాదు. లోపం చూపినవాడు మనకు గురువే. తల్లిదండ్రులారా, సర్టిఫికెట్ కోసం తొందరపెట్టకండి. బిడ్డ సహనంతో, నిజాయితీతో రాసిన పుటలే అల్లాహ్ సన్నిధిలో విలువైనవి.