ఫామ్ వేరు, సత్తా వేరు: అమెరికా సాకర్ అభిమానుల వాదన దేని గురించి?

బెంగళూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా, షోలాపూర్‌లో ఉన్నా, యానాంలో ఉన్నా మన తెలుగు కుటుంబాల్లో చాలా ఇళ్లకు ఇప్పుడు అమెరికాతో సంబంధం ఉంది. కొడుకో కూతురో అక్కడ ఉద్యోగం చేస్తుంటారు. ఆదివారం ఉదయం వీడియో కాల్‌లో మనవడు "తాతయ్యా, ఈ రోజు సాకర్‌లో గోల్ కొట్టాను" అంటాడు. మనం సంతోషిస్తాం కానీ, ఆ ఆట గురించి అక్కడ పెద్దవాళ్లు ఏమని వాదించుకుంటారో మనకు తెలియదు. 2026 ప్రపంచ కప్‌కు కెనడా, మెక్సికోలతో కలిసి అమెరికా కూడా ఆతిథ్య దేశం కావడంతో ఆ వాదనలు మన ఇళ్లలోని ఫోన్ల దాకా వచ్చాయి. అందుకే ఈ వ్యాసం.

ముందుగా ఒక మాట. అమెరికాలో ఫుట్‌బాల్ అంటే కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే వేరే ఆట. మనం ఫుట్‌బాల్ అనేదాన్ని వాళ్లు సాకర్ అంటారు. అక్కడి సాకర్ అభిమానుల నోట ఎప్పుడూ నలిగే మాటలు రెండు. ఒకటి ఫామ్, రెండోది పొటెన్షియల్. ఫామ్ అంటే ఆటగాడు ఇప్పుడు ఎలా ఆడుతున్నాడన్నది. పొటెన్షియల్ అంటే ముందు ముందు ఎంతవాడు కాగలడన్న అంచనా. దాన్ని మనం సత్తా అనుకుందాం. సర్వీసు రిజిస్టరు తెలిసినవాళ్లకు ఇంకా తేలికగా చెప్పవచ్చు. ఫామ్ ఈ నెల హాజరు పట్టీ లాంటిది, అందులో ఉన్నది జరిగిన పని. సత్తా అనేది ఉద్యోగంలో చేరిన రోజున "ఈ కుర్రాడు ఎప్పటికైనా ఆఫీసరవుతాడు" అని పెద్దవాళ్లు అన్న మాట లాంటిది. అది ఇంకా జరగలేదు. ఈ రెండింటినీ ఒకే గడిలో రాసేయడం వల్లే సగం తగాదాలు వస్తాయి.

అక్కడి పద్ధతి

అమెరికాలో ఇప్పుడున్న పెద్ద లీగ్ మేజర్ లీగ్ సాకర్. 1996లో ఆటలు మొదలుపెట్టింది. యూరప్‌లో నూరేళ్లు దాటిన క్లబ్బులున్నాయి, పిల్లల్ని పదేళ్ల వయసులోనే చేర్చుకుని తయారు చేస్తాయి. అమెరికాలో మాత్రం చాలాకాలం దారి వేరుగా ఉండేది. పిల్లవాడు తల్లిదండ్రుల డబ్బుతో క్లబ్బులో ఆడేవాడు, తర్వాత కాలేజీ జట్టు, ఆ తర్వాత ఏటా జరిగే డ్రాఫ్ట్. డ్రాఫ్ట్ అంటే లీగ్ జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకోవడం. ఈమధ్య అక్కడి క్లబ్బులు కూడా సొంత అకాడమీలు పెట్టి పిల్లలకు శిక్షణ ఇస్తున్నాయి.

అయినా పెద్ద డబ్బు, పెద్ద పేరు ఇప్పటికీ యూరప్‌లోనే. కాబట్టి ప్రతి అమెరికన్ ఆటగాడి మీదా అభిమానులు అడిగే మొదటి ప్రశ్న "యూరప్‌లో నిలబడతాడా?" అని. స్వదేశీ లీగ్‌లో 20 గోల్స్ కొట్టినవాడు గొప్పా, యూరప్ పెద్ద క్లబ్బులో బెంచీ మీద కూర్చున్నవాడు గొప్పా? రంజీలో పరుగుల వరద పారించినవాణ్ని వదిలేసి ఐపీఎల్‌లో మెరిసిన కుర్రాణ్ని జట్టులోకి తీసుకున్నారని మనం గొడవ పడమా? ఇదీ అలాంటిదే.

ఒకే డ్రాఫ్ట్, ఇద్దరు ఆటగాళ్లు

సత్తా అంచనా ఎంత కష్టమో తెలియాలంటే 2004 జనవరి డ్రాఫ్ట్ చూస్తే చాలు. ఆ ఏడు మొదటి పేరు ఫ్రెడ్డీ అడూ. ఘనాలో పుట్టి అమెరికాకు వచ్చిన పిల్లవాడు. వయసు 14. డీసీ యునైటెడ్ జట్టు తీసుకుంది. ఇతను రెండో పెలే అన్నారు. పెలేతో కలిసి కూల్‌డ్రింక్ ప్రకటనలో కనిపించాడు. ఒక్క ఆట కూడా ఆడకముందే లీగ్‌లో అందరికంటే ఎక్కువ జీతం ఆ పిల్లవాడిదే.

మొదటి సీజన్‌లో 30 మ్యాచ్‌ల్లో 5 గోల్స్ కొట్టాడు. 14, 15 ఏళ్ల పిల్లవాడికి అది చిన్న సంగతి కాదు. కానీ జనం పోల్చింది సాటి పిల్లలతో కాదు, పెలేతో. 2007లో పోర్చుగల్‌లోని బెన్ఫికా క్లబ్బుకు వెళ్లాడు. అక్కడ కుదురుకోలేదు. తర్వాత ఫ్రాన్స్, గ్రీస్, టర్కీ, బ్రెజిల్, సెర్బియా, ఫిన్లాండ్, స్వీడన్ అంటూ దేశాలు మారుతూ పోయాడు. అమెరికా జాతీయ జట్టుకు మొత్తం 17 మ్యాచ్‌లు ఆడి 2 గోల్స్ కొట్టాడు.

అదే డ్రాఫ్ట్‌లో ఎనిమిదో పేరు క్లింట్ డెంప్సీ. టెక్సస్‌లోని నకోడోచెస్ అనే చిన్న ఊరివాడు. మంచి క్లబ్బులో ఆడించడానికి తల్లిదండ్రులు సుమారు మూడు గంటలు కారు నడిపి డల్లాస్‌కు తీసుకెళ్లేవాళ్లు. అక్క టెన్నిస్ ఆడేది. ఇద్దరి ఆటల ఖర్చూ భరించలేక కొంతకాలం తమ్ముడి క్లబ్బు ఆట మాన్పించారు. 1995లో అక్క హఠాత్తుగా చనిపోయింది. తర్వాత ఆ పిల్లవాడు మళ్లీ ఆటకు వచ్చాడు. కాలేజీలో ఆడి, 20 ఏళ్ల వయసులో డ్రాఫ్ట్‌కు వచ్చినప్పుడు అతని మీద ఎవరూ ప్రకటనలు తీయలేదు.

ఆ ఏడాది లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి డెంప్సీకి వచ్చింది. 2007లో ఇంగ్లండ్‌లోని ఫుల్హామ్ క్లబ్బు సుమారు 40 లక్షల డాలర్లకు తీసుకుంది. 2011–12 సీజన్‌లో ప్రీమియర్ లీగ్‌లో 17 గోల్స్ కొట్టాడు. 2006, 2010, 2014 మూడు ప్రపంచ కప్‌లలోనూ గోల్ చేశాడు. జాతీయ జట్టుకు 141 మ్యాచ్‌ల్లో 57 గోల్స్ చేసి, అమెరికా పురుషుల రికార్డును ల్యాండన్ డోనోవాన్‌తో సమం చేశాడు.

దీన్ని బట్టి డ్రాఫ్ట్ చేసినవాళ్లు మూర్ఖులని అనుకోకూడదు. అడూ దగ్గర నైపుణ్యం నిజంగానే ఉంది. 2007లో 20 ఏళ్లలోపు ప్రపంచ కప్‌లో అమెరికా జట్టుకు కెప్టెన్‌గా ఉండి పోలండ్ మీద మూడు గోల్స్ కొట్టాడు. కానీ 14 ఏళ్ల పిల్లవాడిలో అప్పటికి కనిపించేది కొంతే. శరీరం ఎంత పెరుగుతుంది, ఎలాంటి కోచ్ దొరుకుతాడు, ఓటమి తర్వాత మనసు ఎలా నిలబడుతుంది అన్నవి ఆ రోజు మైదానంలో కనిపించవు.

2014లో పెద్ద తగాదా

ఫామ్‌కు, సత్తాకు నేరుగా పోటీ పెట్టిన సందర్భం 2014 ప్రపంచ కప్. మే 22న కోచ్ యుర్గెన్ క్లిన్స్‌మన్ జట్టును ప్రకటించాడు. ల్యాండన్ డోనోవాన్ పేరు లేదు. అప్పటికి 32 ఏళ్లవాడు, దేశం తరఫున 57 గోల్స్ కొట్టినవాడు. జర్మనీలోని బయర్న్ మ్యూనిక్‌కు చెందిన 18 ఏళ్ల జూలియన్ గ్రీన్‌కు చోటు దక్కింది. క్లబ్బు ప్రధాన జట్టుకు అతను ఆడింది దాదాపు లేదు.

మూడు రోజులకే, మే 25న, డోనోవాన్ రెండు గోల్స్ కొట్టి మేజర్ లీగ్ సాకర్ చరిత్రలో అత్యధిక గోల్స్ రికార్డు తన పేర రాసుకున్నాడు. అభిమానులు మండిపడ్డారు. ప్రపంచ కప్‌లో అమెరికా రెండో దశకు చేరి, బెల్జియం చేతిలో అదనపు సమయంలో 1–2 తేడాతో ఓడింది. ఆ ఒక్క గోల్ కొట్టింది ఎవరో కాదు, సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన గ్రీన్. మైదానంలోకి వచ్చి తాకిన మొదటి బంతినే గోల్ చేశాడు.

అప్పుడు కోచ్ పక్షం గెలిచిందా? ఆ రోజుకు అలాగే అనిపించింది. కానీ తర్వాత గ్రీన్ జాతీయ జట్టులో నిలదొక్కుకోలేదు. ఎక్కువకాలం జర్మనీ రెండో స్థాయి లీగ్‌లో ఆడుకున్నాడు. డోనోవాన్ మాత్రం అదే ఏడు డిసెంబరులో తన క్లబ్బుతో లీగ్ ట్రోఫీ గెలిచాడు. రెండు పక్షాల దగ్గరా రుజువులున్నాయి కాబట్టి ఈ వాదన ఇప్పటికీ తెగలేదు. ఒక్క గోల్ సత్తాను నిరూపించదు, ఒక్క నెల ఫామ్ కూడా అంతే.

పులిసిక్ లెక్క

ఇప్పటి తరంలో అందరూ మాట్లాడే పేరు క్రిస్టియన్ పులిసిక్. 1998లో పెన్సిల్వేనియాలోని హెర్షీలో పుట్టాడు. 18 నిండని పిల్లల్ని ఒక దేశం నుంచి మరో దేశపు క్లబ్బు తీసుకోవడానికి ఫిఫా ఆంక్షలు ఉన్నాయి. తాతగారి వైపు నుంచి క్రొయేషియా పౌరసత్వం ఉండబట్టి పులిసిక్ 16 ఏళ్లకే జర్మనీలోని బొరుస్సియా డార్ట్‌మండ్‌కు ఆడగలిగాడు. 2019లో ఇంగ్లండ్‌లోని చెల్సీ సుమారు 6 కోట్ల 40 లక్షల యూరోలు పెట్టింది. అమెరికన్ ఆటగాడికి అంతకుముందు ఎప్పుడూ అంత ధర పలకలేదు.

ఇప్పుడు అతని లీగ్ గోల్స్ వరుసగా చూడండి. చెల్సీలో నాలుగు సీజన్లు: 9, 4, 6, 1. తర్వాత ఇటలీలోని ఏసీ మిలాన్‌లో మొదటి రెండు సీజన్లు: 12, 11. నాలుగో సీజన్ చివర్లో చూసినవాళ్లు "అయిపోయాడు" అన్నారు. రెండేళ్ల తర్వాత చూసినవాళ్లు "ఇప్పుడే మొదలైంది" అన్నారు. మనిషి అతనే. మారింది ఏమిటి? చెల్సీలో గాయాలు పదే పదే వచ్చాయి, కోచ్‌లు మారారు, బెంచీ మీద కూర్చున్న రోజులు ఎక్కువ. మిలాన్‌లో చోటు స్థిరపడింది, లీగ్‌లో మొదటి ఏడు 36 మ్యాచ్‌లు ఆడాడు.

కాబట్టి గోల్స్ ఎన్ని అని అడిగే ముందు ఎన్ని నిమిషాలు ఆడాడో అడగాలి. ఆటలో 90 నిమిషాలుంటాయి. ఉదాహరణకు ఒకడు 2,700 నిమిషాల్లో 9 గోల్స్, ఇంకొకడు 900 నిమిషాల్లో 5 గోల్స్ కొట్టాడనుకుందాం. మొదటివాడిది 300 నిమిషాలకు ఒకటి, రెండోవాడిది 180 నిమిషాలకు ఒకటి. పట్టికలో మాత్రం మొదటివాడే పైన ఉంటాడు. అలాగని రెండోవాడే గొప్పవాడని తేల్చలేం. అలసిన ప్రత్యర్థుల మీద చివరి అరగంట ఆడినవాడికి గోల్ తేలిక. లెక్క చూడాలి, లెక్క వెనక పరిస్థితినీ చూడాలి.

విశ్రాంతి కూడా వాదనే. 2025 వేసవిలో పులిసిక్ పొడవైన సీజన్ తర్వాత అలసిపోయానని గోల్డ్ కప్‌కు దూరంగా ఉన్నాడు. ఫైనల్‌లో అమెరికా మెక్సికో చేతిలో 1–2తో ఓడింది. దేశం కోసం ఆడలేదని కొందరు మాజీ ఆటగాళ్లు కూడా తప్పుపట్టారు. శరీరాన్ని కాపాడుకోకపోతే మరుసటి ఏడు ప్రపంచ కప్‌కు ఏం మిగులుతుందని మరికొందరు అన్నారు. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది.

ఆలస్యంగా పండేవాళ్లు

సత్తా అంటే ఎప్పుడూ కుర్రవాళ్లదే అనుకోవడం ఇంకో పొరపాటు. రక్షణ వరుసలో ఆడే టిమ్ రీమ్ 2010 డ్రాఫ్ట్‌లో రెండో రౌండ్‌లో వచ్చినవాడు. 2022 ప్రపంచ కప్ నాటికి 35 ఏళ్లు. చాలామంది అభిమానుల జాబితాల్లో అతని పేరే లేదు. కతార్‌లో అమెరికా ఆడిన నాలుగు మ్యాచ్‌ల్లోనూ మొదటి నిమిషం నుంచి బరిలో ఉన్నాడు. గోల్ కొట్టే స్థానంలో వేగం కావాలి, అది త్వరగా తగ్గుతుంది. రక్షణలో ఎక్కడ నిలబడాలో తెలియాలి, అది ఏళ్లు గడిచేకొద్దీ వస్తుంది. స్థానాన్ని బట్టి వయసు లెక్క మారుతుంది.

పిల్లల మీద పడే బరువు

ఈ వాదనలన్నీ కాలక్షేపమే అయితే ఇంత రాయనవసరం లేదు. 2024 జులైలో ఫిలడెల్ఫియా యూనియన్ జట్టుకు కేవన్ సల్లివాన్ అనే పిల్లవాడు ఆడాడు. వయసు 14 ఏళ్ల 293 రోజులు. అడూ రికార్డు 13 రోజుల తేడాతో పోయింది. 18 నిండాక మాంచెస్టర్ సిటీకి వెళ్లేలా ఒప్పందం కూడా కుదిరింది. సరిగ్గా 20 ఏళ్ల తర్వాత అవే మాటలు మళ్లీ మొదలయ్యాయి. తేడా ఏమిటంటే, ఈసారి అడూ కథ తెలిసినవాళ్లు "తొందరపడకండి" అనడం కూడా వినిపిస్తోంది.

అమెరికాలో పేరున్న పిల్లల క్లబ్బుల్లో ఏటా వేల డాలర్లు కట్టాలి. ప్రయాణాల ఖర్చు అదనం. అంత పెట్టాక ఫలితం కోసం ఎదురుచూడటం సహజం. అయితే 10, 11 ఏళ్లప్పుడు జట్టులో ముందు కనిపించేది చాలాసార్లు కొన్ని నెలలు పెద్దవాడైన, ఒళ్లు త్వరగా పెరిగిన పిల్లవాడు. దాన్ని సత్తా అని పొరబడతారు. చిన్నగా ఉన్నవాడు నిరుత్సాహపడి ఆట మానేస్తాడు. డెంప్సీ లాంటివాళ్లు ఎంతమంది అలా తప్పిపోతారో లెక్క ఉండదు.

అందుకని ఆటగాడి గురించి వాదించేటప్పుడైనా, ఇంట్లో పిల్లల ఆట చూసేటప్పుడైనా నాలుగు ప్రశ్నలు గుర్తుంచుకుంటే మంచిది. ఎన్ని నిమిషాలు ఆడాడు? ఏ స్థానంలో, ఎవరి మీద ఆడాడు? ఒళ్లు బాగుందా, గాయమేమైనా ఉందా? పోయిన ఏటి కంటే ఏమి కొత్తగా నేర్చుకున్నాడు? మొదటి మూడూ ఫామ్ సంగతి చెబుతాయి. నాలుగోదే సత్తాకు కాస్త దగ్గరి సూచన.

ఫామ్‌ను నిలదీయవచ్చు, అది జరిగిన పని. సత్తా మనం వేసుకున్న అంచనా మాత్రమే. అది ఆ పిల్లవాడు మనకు తీర్చవలసిన బాకీ కాదు. వచ్చే ఆదివారం మనవడు ఫోన్ చేస్తే ఎన్ని గోల్స్ కొట్టావని అడగకముందు, ఈ వారం కొత్తగా ఏం నేర్చుకున్నావని అడిగి చూడండి.