తెరమీద యంత్రాలు, గని మిట్టమీద అద్దాలు

మాది గడివేముల. కిందటి సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు మా మేనమామ నన్ను బండి మీద గని వైపు తీసుకుపోయినాడు. మా మండలంలోని గని, దాని పక్కనున్న శకునాల గ్రామాల భూముల్లో 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కును గురించి మీలో చాలామంది వినే ఉంటారు. దాదాపు ఆరువేల ఎకరాలు. మిట్టెక్కి చూస్తే కనుచూపు మేరకు నల్లటి ప్లేట్లే. మామ బీడీ ముట్టించి, "ఏంరా అల్లుడా, ఇంగ్లీషు సినిమా మాదిరి లేదూ?" అన్నాడు.

ఉంది. అయితే మన సినిమాల మాదిరి ఎందుకు లేదు అన్న ఆలోచన నన్ను వదల్లేదు. సావనీరుకు సైన్సు మీద ఏదైనా రాయమని విద్యార్థి సంఘం వారు అడిగినప్పుడు అదే రాద్దామనిపించింది.

మన తెరమీద మొదటి గొప్ప యంత్రం, నన్నడిగితే, టైమ్ మెషీన్ కాదు. "మాయాబజార్" (1957)లోని ప్రియదర్శిని పెట్టె. పౌరాణికంలో సైన్సేమిటని లెక్చరర్లు నవ్వవచ్చు. మూత తీస్తే, చూసేవారికి ఏది ప్రియమైనదో అదే కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, రేవతికి నగలు, బలరాముడికి దుర్యోధనుడు. దీన్ని అందరూ టెలివిజనుతోనో లాప్‌టాపుతోనో పోలుస్తారు. నాకు మాత్రం చేతిలోని ఫోను గుర్తొస్తుంది. మనం దేనిమీద వేలు ఆపామో లెక్కగట్టి మళ్ళీ అలాంటిదే చూపిస్తుంది గదా. తాడిపత్రి ప్రాంతపు కె.వి. రెడ్డిగారు ఆ పెట్టె ఎలా పనిచేస్తుందో చెప్పలేదు. అది నలుగురిలో మన గుట్టు రట్టు చేస్తుందని మాత్రం చూపారు. పర్యవసానం అంటే అదీ!

ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావుగారే 1991 జూలైలో "ఆదిత్య 369" తెచ్చారు. నంద్యాలలో నేల టిక్కెట్టు తోపులాటలో నా చొక్కా చిరిగింది. హెచ్.జి. వెల్స్ 1895లో వెలువరించిన నవల ఇచ్చిన ఊహతో, కథ 1526 నాటి రాయలవారి కొలువుకూ, తర్వాత 2504కూ పోతుంది. ఇందులో సైన్సెంత? సగం నిజమే. వేగంగా పోయే గడియారం నెమ్మదిగా నడుస్తుందని ఐన్‌స్టీన్ 1905లో చెప్పాడు. 1971లో అణుగడియారాలను విమానాల్లో భూమి చుట్టూ తిప్పి చూస్తే, తేడా అతి స్వల్పమే అయినా, లెక్క సరిపోయింది. కాబట్టి భవిష్యత్తులోకి అందరికంటె ముందు చేరడానికి సూత్రం ఒప్పుకుంటుంది. రాయలవారి దగ్గరికి వెనక్కి పోయే దారి మాత్రం ఎవరికీ తెలియదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టనివ్వనిది యంత్రం కాదు, 2504. అణుయుద్ధం తర్వాత జనం రేడియేషన్‌కు భయపడి నేలకింద బతుకుతుంటారు. చెర్నోబిల్ ప్రమాదం జరిగి అప్పటికి అయిదేళ్ళే. ఆ భాగం ఇంకాసేపు ఉంటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను. ఏం చేస్తాం, వజ్రం కోసం విలన్ కాచుకుని ఉంటాడు గదా!

ఈ విలన్ మన సైన్సు సినిమాలకు పెద్ద జబ్బు. "రోబో" (2010, తమిళంలో "ఎందిరన్") చూడండి. మంటల్లో చిక్కుకున్న అమ్మాయిని, స్నానం చేస్తున్నదాన్ని చేస్తున్నట్టే, చిట్టి జనం మధ్యకు ఎత్తుకొస్తాడు. సిగ్గుతో ఆ పిల్ల పరుగెత్తి బండి కింద పడి చనిపోతుంది. ఆజ్ఞలో తప్పు లేదు, అమలులో తప్పు లేదు, ప్రాణం పోయింది. సైన్సు విద్యార్థులు ఆ ఒక్క సీనూ పదిసార్లు చూడాలి. ఆ తర్వాత దుష్ట శాస్త్రవేత్త ఎర్రచిప్పు పెడతాడు, యంత్రానికి చెడు బయటినుంచి వచ్చిందని మనం నిమ్మళంగా ఇంటికి పోతాం. "కల్కి 2898 ఏడీ" (2024)లో నాగ్ అశ్విన్ మరో అడుగు వేశారు: నీళ్ళూ పచ్చదనమూ పైనున్న కాంప్లెక్సులో, కరువు కింది కాశీలో. యంత్రం ఎంత గొప్పది అని గాక ఎవరికి అందింది అని అడిగిన సినిమా అది. అక్కడా పైన కూర్చున్నవాడొకడు ఉండనే ఉన్నాడు.

గనిలో అలాంటివాడు లేడు. ఎండ సిలికాన్ మీద పడుతుంది, ఎలక్ట్రాన్లు కదులుతాయి, కరెంటు తీగలెక్కి పోతుంది. పొగ లేదు, బూడిద లేదు, తిరిగే చక్రం కూడా లేదు. మేలు నిజమైన మేలే. కానీ ఇలాంటివి కట్టేటప్పుడు కావలసినంతమంది నడపడానికి అక్కరలేదు. ప్లేట్లు తుడవను, గడ్డి కోయను, కాపలాకు కొందరు, మీటర్లు చూసే చదువుకున్నవాళ్ళు కొందరు చాలు. ఎవరి తప్పూ లేకుండానే ఒక ఊరి పనులు మారిపోతాయి. దీన్ని క్లైమాక్సుకు తేవడం ఏ డైరెక్టరుకైనా కష్టమే.

"రాత్రిపూట ఇవేం చేస్తాయిరా?" అన్నాడు మామ.

ఏమీ చేయవన్నాను. అందుకే పాణ్యం దగ్గర పిన్నాపురంలో చేపట్టిన పథకం సంగతి చెప్పాను: కరెంటు మిగిలినప్పుడు నీళ్ళను పై చెరువుకు ఎక్కించి, కావలసినప్పుడు కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు, అవే నీళ్ళు మళ్ళీ మళ్ళీ. మామ చాలాసేపు విన్నాడు. "ఇదంతా బాగుండాది గానీ, మా పిల్లోనికి ఆడ పని దొరుకుతాదా, అది చెప్పు" అన్నాడు.

ఏం చదివిస్తున్నావని అడిగాను. వాడు ఈ ఏడు మన కాలేజీలోనే చేరినాడట, ఫిజిక్సు తీసుకొని.