చాటింపు ఇప్పుడు ఫోనులో

వెనకట ఊళ్ళో ఏ కబురైనా డప్పు కొట్టి చాటేవారు. ఇప్పుడు ఆ పని వాట్సాప్ గ్రూపు చేస్తోంది. పటాన్‌చెరు పక్కన ఇంద్రేశం లాంటి ఊళ్ళలో తల్లీ తండ్రీ ఇద్దరూ ఫ్యాక్టరీ పనికి పోతే, బడికి వెళ్ళి అడిగే తీరిక ఉండదు. అందుకే పిల్లల చదువు కబుర్లు గ్రూపులో పెడితే మేలు.

ఈ కబురు చూడండి. ఎన్.ఎం.ఎం.ఎస్. అనే స్కాలర్‌షిప్పును కేంద్ర ప్రభుత్వం 2008లో పెట్టింది. సర్కారు, జిల్లా పరిషత్, ఎయిడెడ్ బడుల్లో 8వ తరగతి పిల్లలు దీనికి పరీక్ష రాయాలి. ఇంటి ఆదాయం ఏడాదికి 3,50,000 రూపాయలు దాటకూడదు. ఎంపికైన పిల్లలకు 9 నుంచి 12వ తరగతి దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. నాలుగేళ్ళకు 48,000! పదితో చదువు ఆపేద్దామనుకున్న ఆడపిల్లకు ఇది ఎంత ఆసరా! కానీ 8వ తరగతిలోనే రాయాలి. తొమ్మిదికి వచ్చాక తెలిస్తే లాభం లేదు.

అయితే ఫోనులో వచ్చిందల్లా నిజం కాదు. నిరుటి కబురే మళ్ళీ తిరుగుతుంటుంది. తేదీ ఉంటుంది, సంవత్సరం ఉండదు! ముందు బడిలో హెడ్‌మాస్టరును అడగాలి. దరఖాస్తు బడి నుంచే పోతుంది. ఆ తర్వాతే ఏ తరగతికో, ఆఖరు తేదీ ఏదో, ఏ సంవత్సరమో రాసి పంపాలి. ఓటీపీ అడిగే కబురును ఎవరికీ పంపరాదు. చదవడం రాని పక్కింటామెకు గొంతుతో చెప్పి పంపవచ్చు.