నల్లా చార్జీల సవరణ: పెంపు కన్నా ముందు లెక్క తేలాలి

(ప్రత్యేక వ్యాసం)

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: మంచినీటి సరఫరా, మురుగునీటి నిర్వహణ చార్జీల సవరణ అంశం పురపాలక సంఘ సమావేశపు ఎజెండాలో చేరినప్పుడల్లా నెలకు ఎన్ని రూపాయలు పెరుగుతాయన్న ప్రశ్న చుట్టూనే చర్చ సాగుతుంది. అంతకు ముందుగా తేలవలసిన ప్రశ్నలు మూడు ఉన్నాయి. పట్టణానికి నీరు అందించడానికి అవుతున్న ఖర్చు ఎంత? ఆ ఖర్చులో లీకేజీల వల్ల, వసూలు కాని బకాయిల వల్ల పెరుగుతున్న భాగం ఎంత? మిగిలిన భారాన్ని ఎవరు, ఏ మేరకు భరించాలి? ఈ లెక్క తేలకుండా రేట్లు పెంచినట్లయితే క్రమం తప్పక చెల్లిస్తున్న కుటుంబాలపైనే భారం పడుతుంది. రేట్లను ఏళ్ల తరబడి సవరించకుండా వదిలివేసినట్లయితే పంపుల కరెంటు బిల్లులు, పైపులైన్ల మరమ్మతుల ఖర్చు సాధారణ నిధుల నుంచి చెల్లించవలసి వస్తుంది. అప్పుడు రోడ్లు, కాలువలు, వీధి దీపాలకు మిగిలేది తగ్గుతుంది. ఈ నేపథ్యంలో చార్జీల సవరణకు సంబంధించిన ముఖ్యాంశాలను పాత్రికేయులు, అధికారుల అవగాహన నిమిత్తం ఇక్కడ వివరించడమైనది.

మూడు పట్టణాలు, మూడు పరిస్థితులు

పూర్వపు వరంగల్ జిల్లాకు చెందిన ఈ మూడు పట్టణాలు 2016 అక్టోబర్ 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో జిల్లా కేంద్రాలుగా మారాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం మూడింటి జనాభా లక్షకు లోపే. జిల్లా కార్యాలయాల రాకతో కొత్త కాలనీలు, అద్దె ఇళ్లు, వ్యాపార సముదాయాలు పెరిగి నీటి అవసరం కూడా పెరిగింది.

అయితే మూడు చోట్ల పరిస్థితి ఒకటి కాదు. జనగామ వర్షాభావానికి గురయ్యే ప్రాంతం. ఆ పట్టణ తాగునీటి సరఫరాలో చీటకోడూరు జలాశయానికి ప్రత్యేక స్థానం ఉన్నది. మానుకోటగా పేరొందిన మహబూబాబాద్ కాజీపేట - విజయవాడ రైలు మార్గంలోని వ్యాపార కేంద్రం. చుట్టుపక్కల గ్రామాలు, తండాల నుంచి నిత్యం వచ్చిపోయే జనం అవసరాలు కూడా పట్టణ నీటి సరఫరాపైనే ఆధారపడతాయి. భూపాలపల్లి సింగరేణి బొగ్గు గనుల పట్టణం. ఇక్కడ సంస్థ క్వార్టర్లలోని సదుపాయాల ఖర్చును, పురపాలక సంఘం స్వయంగా నీరందించే వార్డుల ఖర్చును వేర్వేరుగా చూపనిదే నల్లా చార్జీపై సరైన అంచనా రాదు. ఒక పట్టణానికి తగిన రేటు మరొక పట్టణానికి తగినది కాకపోవచ్చుననడానికి ఇదే కారణం.

చట్టం ఏమి చెబుతోంది

1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్థానిక సంస్థలకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించింది. ఈ సవరణ ద్వారా చేర్చిన 12వ షెడ్యూలులో గృహ, పారిశ్రామిక, వాణిజ్య అవసరాలకు నీటి సరఫరా 5వ అంశం కాగా, ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం 6వ అంశం. స్థానిక సంస్థలకు పన్నులు, రుసుముల విధింపు అధికారం శాసనసభ చేసే చట్టం ద్వారా సంక్రమిస్తుంది. తెలంగాణలో 1965 నాటి మున్సిపాలిటీల చట్టం స్థానంలో 2019లో కొత్త పురపాలక చట్టం వచ్చింది.

ఇక్కడ తరచుగా తలెత్తే సందేహం ఒకటి ఉన్నది. ఇంటి పన్ను చెల్లిస్తున్నప్పుడు మళ్లీ నల్లా బిల్లు ఎందుకని పౌరులు అడుగుతారు. 1965 చట్టంలో ఆస్తి పన్ను నాలుగు భాగాలుగా ఉండేది. సాధారణ పన్ను, నీటి - డ్రైనేజీ పన్ను, దీపాల పన్ను, పారిశుద్ధ్య పన్ను అందులోని భాగాలు. నల్లా చార్జీ వీటికి భిన్నమైనది. పన్ను పట్టణపు ఉమ్మడి అవసరాలకు చెల్లించేది. వినియోగ చార్జీ అందుకున్న సేవకు చెల్లించేది. అందువలన చార్జీ పెంచే సంస్థ ఆ సేవ ఎంత, ఎలా అందుతున్నదో చూపవలసి ఉంటుంది.

కనీస రేట్ల విధానం

కరోనా కాలంలో, 2020 మేలో, కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు వాటి స్థూల ఉత్పత్తిలో 2 శాతం మేరకు అదనపు రుణ పరిమితిని ప్రకటించింది. అందులో కొంత భాగాన్ని నాలుగు సంస్కరణలతో ముడిపెట్టి, ఒక్కొక్కదానికి 0.25 శాతం కేటాయించింది. పట్టణ సంస్థలకు సంబంధించిన సంస్కరణలో రెండు షరతులు ఉన్నాయి. ఆస్తి పన్నుకు, అలాగే నీటి సరఫరా, డ్రైనేజీ, మురుగునీటి సేవల చార్జీలకు కనీస రేట్లను ప్రకటించడం మొదటిది. ధరల పెరుగుదలకు అనుగుణంగా ఆ రేట్లను ఎప్పటికప్పుడు పెంచే విధానం నెలకొల్పడం రెండవది. ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్ తరువాత ఈ సంస్కరణలు పూర్తి చేసిన మూడవ రాష్ట్రంగా తెలంగాణకు 2021 జనవరిలో 2,508 కోట్ల రూపాయల అదనపు రుణ సమీకరణకు అనుమతి లభించింది.

15వ ఆర్థిక సంఘం కూడా ఇదే దిశలో సాగింది. 2021-26 కాలానికి పది లక్షల లోపు జనాభా గల పట్టణాలకు సిఫారసు చేసిన గ్రాంట్లలో 40 శాతం మాత్రమే స్వేచ్ఛగా ఖర్చు చేసుకోదగినది. మిగిలిన 60 శాతంలో సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి నిర్దేశించింది. అయితే గ్రాంటుతో కట్టిన ట్యాంకును, వేసిన పైపులైనును నడిపే నిత్య ఖర్చు పట్టణం సొంత రాబడి నుంచే రావాలి. చార్జీల సవరణ అవసరం ఇక్కడే ఏర్పడుతోంది.

నీటికి ఖర్చు ఎలా అవుతుంది

పట్టణ ప్రాంతాలలో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది మిషన్ భగీరథ పథకం నిర్దేశించుకున్న ప్రమాణం. 2016 ఆగస్టు 7న గజ్వేల్ నియోజకవర్గంలోని కోమటిబండలో ప్రారంభమైన ఈ పథకం ద్వారా శుద్ధి చేసిన నీరు పట్టణాలకు పెద్ద మొత్తంలో చేరుతుంది. అక్కడి నుంచి ట్యాంకులకు ఎక్కించడం, వీధులకు పంపిణీ చేయడం, లీకేజీలు అరికట్టడం, బిల్లులు వసూలు చేయడం పురపాలక సంఘం పని.

ఐదుగురు సభ్యుల కుటుంబానికి 135 లీటర్ల చొప్పున రోజుకు 675 లీటర్లు, నెలకు సుమారు 20 వేల లీటర్లు కావాలి. 50 వేల జనాభా గల పట్టణానికి రోజుకు 67.5 లక్షల లీటర్లు అవసరమవుతాయి. ఈ నీటిలో దారిలో పోయేదెంత అన్నదే రేటును ప్రధానంగా నిర్ణయిస్తుంది. ఉదాహరణకు వెయ్యి లీటర్లు సిద్ధం చేయడానికి 12 రూపాయలు ఖర్చవుతుందని అనుకుందాం. నూటికి 40 లీటర్లు లీకేజీలు, అక్రమ కనెక్షన్ల వల్ల లెక్కకు రాకపోతే, వినియోగదారునికి చేరిన ప్రతి వెయ్యి లీటర్ల ఖర్చు 20 రూపాయలవుతుంది. ఆ నష్టాన్ని 20 శాతానికి తగ్గిస్తే అదే ఖర్చు 15 రూపాయలకు దిగుతుంది. అంటే పైపులు బాగుచేయడం కూడా ఒక విధమైన చార్జీల తగ్గింపే.

కేంద్ర పట్టణాభివృద్ధి మంత్రిత్వ శాఖ 2008లో ప్రకటించిన సేవా ప్రమాణాలు ఈ విషయంలో మంచి కొలబద్ద. వాటి ప్రకారం రాబడి రాని నీరు 20 శాతానికి మించరాదు. మీటర్లు నూరు శాతం ఉండాలి. నిర్వహణ ఖర్చు నూరు శాతం రాబట్టాలి. బిల్లుల వసూలు 90 శాతం ఉండాలి. 2021 అక్టోబర్ 1న ప్రారంభమైన అమృత్ రెండవ దశ కూడా రాబడి రాని నీటిని 20 శాతం లోపునకు తగ్గించడాన్ని లక్ష్యంగా పెట్టుకున్నది. తొలి దశ అమృత్ ప్రధానంగా లక్షకు పైబడిన జనాభా గల నగరాలకు పరిమితం కాగా, రెండవ దశ నీటి సరఫరా విషయంలో చిన్న పట్టణాలను కూడా చేర్చుకున్నది.

వసూలు పెరిగితే రేటు పెంచనక్కరలేదా?

పదివేల నల్లాలు, నెలకు వంద రూపాయల చార్జీ గల ఒక పట్టణాన్ని ఊహించుకుందాం. నెల డిమాండు పది లక్షల రూపాయలు. వసూలు 60 శాతమైతే చేతికి వచ్చేది ఆరు లక్షలు. ఇదే వసూలు శాతంతో తొమ్మిది లక్షలు రావాలంటే చార్జీని 150 రూపాయలు చేయాలి. రేటు మార్చకుండా వసూలును 90 శాతానికి పెంచినా అదే తొమ్మిది లక్షలు వస్తాయి. మొదటి మార్గంలో చెల్లించేవారు అధికంగా చెల్లిస్తారు, చెల్లించనివారికి ఏమీ కాదు. రెండవ మార్గంలో భారం అందరికీ సమానంగా పంచబడుతుంది. వసూలు మెరుగుపడిన తరువాత కూడా లోటు మిగిలితే, ఆ మేరకు చేసే పెంపునకు సమర్థన ఉంటుంది. పెంపు ప్రతిపాదనతో పాటు గత మూడేళ్ల డిమాండు, వసూలు, బకాయిల పట్టికను సభ ముందు ఉంచవలసిన అవసరం ఇందువల్లనే. ప్రభుత్వ కార్యాలయాలు, వ్యాపార సంస్థల బకాయిలను ఆ పట్టికలో విడిగా చూపడం ఉచితం.

మీటర్లు, పేద కుటుంబాలు

నెలకు ఇంతని ఒకే మొత్తం విధించే పద్ధతిలో రెండు బిందెలు పట్టుకునే ఇల్లు, తోటకు నీరు పెట్టే ఇల్లు సమానంగా చెల్లిస్తాయి. మీటరు ఉంటే వాడకాన్ని బట్టి స్లాబులు నిర్ణయించవచ్చు. నిత్యావసరానికి తక్కువ రేటు, ఆపై వాడకానికి ఎక్కువ రేటు, హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు, వాటర్ సర్వీసింగ్ కేంద్రాలకు వాణిజ్య రేటు అన్నది సాధారణంగా అనుసరించే పద్ధతి.

హైదరాబాద్‌లో 2021 జనవరిలో ప్రారంభమైన ఉచిత మంచినీటి పథకం గృహాలకు నెలకు 20 వేల లీటర్ల వరకు వర్తింపజేశారు. మురికివాడలు మినహా ఇతర గృహాలకు మీటరు తప్పనిసరి చేశారు. ఉచితంగా ఇవ్వడానికి కూడా కొలత అవసరమని ఈ నిబంధన తెలుపుతోంది. దక్షిణాఫ్రికా 2001 నుంచి కుటుంబానికి నెలకు ఆరు వేల లీటర్ల ప్రాథమిక నీటిని ఉచితంగా అందించే విధానాన్ని చేపట్టింది. సురక్షిత తాగునీరు, పారిశుద్ధ్యం మానవ హక్కులని ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ 2010 జూలై 28న తీర్మానించింది. చెల్లించలేని కుటుంబానికి నీరు నిలిపివేయడం పరిష్కారం కాదన్నది వీటి సారాంశం.

తెలంగాణ పట్టణాలలో దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాలకు ఒక రూపాయికే నల్లా కనెక్షన్ ఇచ్చే విధానం అమలు చేశారు. కనెక్షన్ సులభమైనంత మాత్రాన నెలవారీ బిల్లు సులభం కాదు. నల్లా లేని కుటుంబం ట్యాంకరు నీటికి, క్యాన్ల నీటికి చెల్లించే మొత్తం నల్లా చార్జీ కన్నా తరచు అధికంగా ఉంటుంది. నల్లా రాని వీధులకు పైపులైను విస్తరించడం, పేదలకు అతి తక్కువ స్లాబు ఉంచడం పెంపు ప్రతిపాదనలో అంతర్భాగం కావాలి.

మురుగునీటి చార్జీ దేనికి?

ఇంటికి చేరిన నీటిలో సుమారు 80 శాతం మురుగునీరుగా బయటకు వస్తుందన్నది ఇంజనీర్ల అంచనా. పైన చెప్పిన 50 వేల జనాభా పట్టణంలో అది రోజుకు 54 లక్షల లీటర్లు. నీటి సరఫరా పెరిగినకొద్దీ మురుగు పెరుగుతుంది. నీటి చార్జీని, మురుగునీటి చార్జీని కలిపి ఆలోచించడానికి కారణమిదే.

భూగర్భ డ్రైనేజీ ఉన్న నగరాలలో నీటి బిల్లుపై మురుగునీటి సెస్సు విధిస్తారు. చిన్న పట్టణాలలో అధిక శాతం ఇళ్లు సెప్టిక్ ట్యాంకులు, పక్క కాలువలపై ఆధారపడి ఉన్నాయి. భూగర్భ డ్రైనేజీ లేనిచోట ఆ పేరుతో చార్జీ విధిస్తే ప్రజల ఆమోదం లభించదు. అక్కడ చార్జీ వాస్తవంగా అందే సేవకు, అంటే సెప్టిక్ ట్యాంకును రెండు మూడేళ్లకు ఒకసారి యంత్రంతో ఖాళీ చేయించి, వ్యర్థాన్ని శుద్ధి కేంద్రానికి తరలించే సేవకు ముడిపడి ఉండాలి. మలవ్యర్థాల నిర్వహణకు కేంద్రం 2017లో జాతీయ విధానం ప్రకటించింది.

ఈ సేవకు ఖర్చు పెట్టకపోతే దాని మూల్యం మనుషుల ప్రాణాలు. రక్షణ పరికరాలు లేకుండా సెప్టిక్ ట్యాంకులు, మురుగు కాలువలలోకి మనుషులను దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. ఇటువంటి మరణాలకు పది లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని 2014లో ఆదేశించిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబర్‌లో దానిని 30 లక్షలకు పెంచింది. జెట్టింగ్ యంత్రానికి, సిబ్బంది రక్షణకు కావలసిన నిధి ఏ పద్దు నుంచి వస్తుందో చార్జీల ప్రతిపాదనలోనే పేర్కొనాలి.

సభ ముందు ఉండవలసిన వివరాలు

నిర్ణయం పాలక మండలిదైనా, మండలి లేని కాలంలో ప్రత్యేకాధికారిదైనా, దానికి ఆధారమైన వివరాలు ప్రజలకు ముందుగా తెలియాలి. ఖర్చు వివరాలు, వసూలు శాతం, రాబడి రాని నీటి అంచనా, వార్డుల వారీగా నీరు వచ్చే రోజులు, గంటలు, కొత్త రేటుతో వివిధ వర్గాల కుటుంబాలపై పడే నెలవారీ భారం తెలుగులో ప్రచురించాలి. 2019 చట్టం ప్రకారం ప్రతి వార్డుకు యువకులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు, ఒక్కొక్కదానిలో 15 మంది సభ్యులు ఉండాలి. అభిప్రాయ సేకరణకు ఈ కమిటీలు తగిన వేదిక.

పెంపు ద్వారా వచ్చే రాబడిని నీటి సరఫరా, మురుగునీటి ఖాతాలోనే జమ చేసి, ఏడాది తరువాత ఏమి మెరుగుపడిందో అదే సభకు నివేదించడం మరింత ముఖ్యం. రోజు విడిచి రోజు వచ్చే నీరు రోజూ వచ్చిందా, కలుషిత నీటి ఫిర్యాదులు తగ్గాయా, లీకేజీ ఎన్ని రోజులలో సరిచేశారు అన్న ప్రశ్నలకు అంకెలతో జవాబు దొరికిన పట్టణంలో తదుపరి సవరణకు ప్రజల సహకారం లభిస్తుంది. ఆ అంకెలను అధికారులు సిద్ధంగా ఉంచడం, పాత్రికేయులు అడిగి ప్రజల ముందుంచడం ఈ మూడు పట్టణాలలోనూ సమానంగా అవసరం.